వంద అని రాసిన చోట

చిప్‌లు తయారయ్యే క్లీన్‌రూమ్‌లోకి వెళ్ళేవాళ్ళు చెప్పులు విప్పి తెల్ల సూట్లు తొడుక్కునే గదిలో, గోడవార వేసిన స్టీలు బెంచీ మీద ఆమె కూర్చుని పావుగంట అవుతోంది. సూటు తొడుక్కోలేదు. లోపల ఆమెకి పనేం లేదు, లోపల్నుంచి బయటికి రావాల్సిన మనిషి కోసం కూర్చుంది. ఆ మనిషి మొగుడు. పదకొండేళ్ళ మొగుడు, ఎనిమిది నెలల అబద్ధం, అని బుర్రలో ఎవరో లెక్క చెబుతున్నట్టు వినిపించి, ఇప్పుడు కూడా లెక్కలేనా అని తన మీద తనకే విసుగొచ్చింది. గోడ గడియారంలో మూడుంపావు. నాలుగింటికి పై అంతస్తులో కమిటీ. ఒళ్ళో ఫైలు, ఫైల్లో ఒక ఉత్తరం, ఉత్తరం కింద ఆమె సంతకం: చిప్ పనిచెయ్యకపోవడానికి నా డిజైన్‌లో జరిగిన పొరపాటే కారణం, బాధ్యత పూర్తిగా నాది. పొద్దున్న సంతకం పెట్టేటప్పుడు, తప్పు చేసినవాళ్ళు ఒప్పుకోవాలి, అందులో సిగ్గేముంది అనుకుంది, నిజం చెప్పొద్దూ, కాస్త గొప్పగా కూడా అనిపించింది. ఆ కాగితం కమిటీ పెద్దాయన బల్ల మీద పెడితే పదహారేళ్ళుగా గీస్తున్న చెయ్యి ఇక గీయదు. ఎవరూ అరవరు, ఎవరూ ఉద్యోగం తీసెయ్యరు. పాత ఫైళ్ళు సర్దే విభాగంలో కిటికీ పక్కన మంచి కుర్చీ వేసి, ఎదురుపడినప్పుడల్లా నవ్వి పలకరిస్తారు. ఆ నవ్వులు మోసుకుంటూ రిటైరయ్యే దాకా బతకాలి.

కోటు జేబులో చిన్న ప్లాస్టిక్ పెట్టె ఉంది, అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. దాంట్లో జిగురు పొర మీద ఆరు చిప్‌లు, ఒక్కొక్కటీ బియ్యపు గింజలో సగం, ఆమె గీసినవి, నలుగురిలో ఆమె పరువు తీసినవి. ఉత్తరానికి ఒక ఫోటో జత చేద్దామనిపించింది మధ్యాహ్నం, తప్పు జరిగిన చోట బాణం గుర్తు పెట్టి మరీ చూపిద్దామని, అంత నిజాయితీ మరి ఆవిడది. మైక్రోస్కోప్ కింద పట్టకారుతో ఒక చిప్‌ని ఎత్తబోతే జారి, పక్కకి ఒరిగి, జిగురులో నిలువుగా ఇరుక్కుపోయింది. అంచు కనబడింది. చిప్‌ని పక్కనుంచి ఎవరూ చూడరు. గీతలన్నీ పైన ఉంటాయి, బంగారమంతా పైన ఉంటుంది, పక్కన ఏముంది చూడ్డానికి, బూడిదరంగు రాయి. మళ్ళీ పడుకోబెట్టబోయి ఆగింది. పక్కనే ఉన్న ఇంకో చిప్ మీద తీగ అతికించే బంగారు చదరం ఉంది, దాని పొడవు వంద మైక్రాన్లు, అంటే ఒక వెంట్రుక మందం, ఆమె గీసిందే, కళ్ళు మూసుకుని చెప్పగలదు. నిలబడ్డ చిప్ మందం కూడా వందే ఉండాలి. రెండూ సమానంగా కనబడాలి. కనబడలేదు. మైక్రోస్కోప్ లోపల సన్నటి గీతల కొలబద్ద ఉంటుంది, లెక్కపెట్టింది, చదరం పది గీతలు, అంచు పదిహేను. మళ్ళీ లెక్కపెట్టింది. ఇంకో చిప్‌ని కావాలనే నిలబెట్టింది, పదిహేను. ఆరింటినీ నిలబెట్టింది, బడిలో పిల్లల్ని గోడకి నిలబెట్టినట్టు, ఆరూ పదిహేనే. కళ్ళే మోసం చేస్తున్నాయేమో అనుకుని కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది. కళ్ళు బాగానే ఉన్నాయి.

ఆ తరవాత తన గదికి ఎలా నడిచొచ్చిందో గుర్తు లేదు, ఎవరో పలకరిస్తే బానే ఉన్నానని మాత్రం అన్నట్టుంది. చిప్ లెక్కలు కట్టే ప్రోగ్రాంలో మొదటి పేజీలోనే ఒక గడి ఉంటుంది, రాయి మందం ఎంత అని. ఆ గడిలో ఆమె ఎప్పుడూ వందే వేస్తుంది, చిరునామాలో సొంత వీధి పేరు రాసినట్టు, ఆలోచించకుండా. ఎనిమిది నెలల్లో ఆ ప్రోగ్రాంలో ఆమె కదిపి చూడని అంకె లేదు, గీతల వెడల్పు, గీతల మధ్య ఎడం, బంగారం ఎత్తు, ట్రాన్సిస్టర్ల వేడి, ఆ ఒక్క గడి జోలికి మాత్రం పోలేదు. ఎందుకు పోతుంది, ఆ అంకె మొగుడిది. వేఫర్‌తో పాటు గదిగదికీ ఒక కార్డు తిరుగుతుంది. పళ్ళెమంత రాతి బిళ్ళ వేఫర్, దాని మీదే చిప్‌లన్నీ తయారై చివర్న ముక్కలవుతాయి. ఏ గదివాళ్ళు చేసిన పని ఆ గదివాళ్ళు కార్డులో రాసి, సంతకం పెట్టి, పక్క గదికి పంపాలి. రాయిని అరగదీసి పలచన చేసిన గది దగ్గర అతని దస్తూరీ, వంద, రెండు సున్నాలూ గుండ్రంగా, ఓపిగ్గా. ఎనిమిది నెలల్లో ఆ కార్డు ఎన్నిసార్లు తిరగేసిందో లెక్క లేదు, లోహం పోసిన గదిని అనుమానించింది, కోసిన గదిని అనుమానించింది, పాపం ఒక ముసలాయనతో దాదాపు పోట్లాడింది, అతని సంతకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కన్ను హాయిగా జారిపోయేది. ఇవాళ ఆ గడిలో నూట యాభై వేసి మీట నొక్కింది. తెర మీద గీత నిలువునా లేచింది, టెస్టింగ్ గదిలో చిప్ ఎక్కడ ఊళ పెట్టిందో సరిగ్గా అక్కడే. ఎనిమిది నెలలు వెతికినదానికి ఎనిమిది నిమిషాలు పట్టలేదు.

ఊళ అన్నది టెస్టింగ్‌వాళ్ళ మాట. ఆకాశంలోంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పట్టుకుని, రొద కలవకుండా పెద్దది చేసి ఇవ్వాలి ఆ చిప్. అందరికీ తెలిసిన సిలికాన్ అంత వేగానికి తట్టుకోలేదు, అందుకే గాలియం ఆర్సెనైడ్, అందులో ఎలక్ట్రాన్లు ఇంకా చురుగ్గా పరిగెడతాయి. కానీ మహా పెంకి రాయి, పలచన చేస్తే అప్పడంలా పెళుసు, పైగా ఒళ్ళంతా ఆర్సెనిక్, వెల్లుల్లి వాసన తగిలిందంటే పని వదిలేసి పరిగెత్తండి అని చేరిన రోజునే చెప్పారు. అయినా ఆ రాయంటే ఆమెకి పిచ్చి. చదువుకునే రోజుల్లో మేస్టారు మొదటిసారి చేతిలో పెట్టిన నాటి నుంచీ పిచ్చే. అంగట్లో దొరికే చిప్‌లు కావు ఆమె గీసేవి, ఒక్క పని కోసం, ఒక్కరి కోసం, కొలతలు తీసి కుట్టినట్టు గీతగీతా చూసుకుని గీసేవి, గీత నాలుగు మైక్రాన్లు సన్నమైతే అది వేరే చిప్. అందుకే వెనకాల అందరూ ఆమెని గీతలమ్మ అంటారు, ముందర మేడం అంటారు. పైన గీత ఎంత వెడల్పుండాలో కింద రాయి ఎంత మందమో చూసి కదా గీస్తారు. రాయిలోంచి కిందికి సన్నటి రంధ్రాలు తొలుస్తారు, చిప్‌కి నేల, అంటే కరెంటు దిగిపోయే ఎర్త్, అందేది వాటిలోంచే, రాయి మందమైతే రంధ్రం పొడుగు, రంధ్రం పొడుగైతే నేల దూరం, నేల దూరమైతే ఏ సంకేతమూ ఇవ్వకపోయినా చిప్ తనంతట తాను మోగడం మొదలుపెడుతుంది. మేడం, మీ చిప్ ఊళ పెడుతోంది అని టెస్టింగ్ అమ్మాయి ఫోన్ చేసిన రోజున ఆమెకి కాళ్ళ కింద నేల జారినట్టయింది. ఆ రంధ్రాలు తొలిచిన వారంలో అతను రోజూ ఆలస్యంగా ఇంటికొచ్చాడు, మెషిన్ నెమ్మదిగా తొలుస్తోంది అన్నాడు. మెషిన్ నెమ్మదించలేదు, రాయి ఒకటిన్నర రెట్లు ఉంది, ఆలస్యం కాక ఏమవుతుంది. పాపం అలిసిపోయాడని ఆ వారమంతా ఆమె అతని బట్టలు కూడా ఇస్త్రీ చేసి పెట్టింది, ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి, చొక్కాల కాలర్లు కూడా గుర్తొచ్చి, ఒళ్ళు మండిపోయింది.

లోపల అందరూ ఒక్కలాగే ఉంటారు, తల నుంచి కాళ్ళ దాకా తెలుపు, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. చేరిన కొత్తల్లో ఆమె అతని కళ్ళే చూసింది, రెండు నెలల పాటు కళ్ళే, ముక్కూ మూతీ ఎలా ఉంటాయో తెలియకుండానే ఇష్టపడింది, క్యాంటీన్‌లో మొదటిసారి ముఖమంతా చూసి, పర్లేదు, కళ్ళకి తగ్గట్టే ఉన్నాయి మిగతావి అనుకుంది. అతన్ని అందరూ రుబ్బురోలు అనేవాళ్ళు, వేఫర్‌ని బోర్లా పెట్టి వెనకవైపు అరగదీసి పలచన చేసే పని అతనిది, ఆరువందల మైక్రాన్ల రాయిని వందకి తేవాలి. ఆ పనికి చెయ్యి కాదు చెవి కావాలనేవాడు, విరగబోయే ముందు రాయి సన్నగా ఒక చప్పుడు చేస్తుందట, అది అతనికొక్కడికే వినిపిస్తుందట. గొప్పలు పోతున్నాడని నవ్వేది, లోలోపల మాత్రం నమ్మేది, మా ఆయన చెవికి రాయి కూడా కబుర్లు చెబుతుంది అని చెల్లెలితో చెప్పుకుని మురిసిపోయింది కూడా. ఆమె బ్యాచ్‌కి ముందు వరసగా రెండు వేఫర్లు అతని చేతిలో విరిగాయి. ఆ రెండు రోజులూ అతను కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. ఇంకొకటి విరిగితే గది వేరేవాళ్ళకి అప్పజెబుతామన్నారని ఆమెకి అతను చెప్పలేదు, వేరే వాళ్ళ నోటి ద్వారా తెలిసింది. తెలిసి కూడా తెలియనట్టు ఊరుకుంది, మగవాడు కదా, చిన్నబుచ్చుకుంటాడని. నా వేఫర్ విరిగినా ఫర్వాలేదు, మళ్ళీ వేయించుకుంటాను, నువ్వు భయపడకుండా చెయ్యి అని మాత్రం అంది. ఆ మాట అన్నప్పుడు అతను ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

చెప్పుంటే ఏం పోయేది. నూట యాభై దగ్గర ఆపేశాను, ఇంతకన్నా పలచన చెయ్యాలంటే భయమేసింది అని ఒక్క మాట చెప్పుంటే ఆమె నూట యాభైకే మళ్ళీ గీసేది. రెండు వారాల పని. గీతలు కాస్త వెడల్పు చేసి, రంధ్రాలు ఇంకో నాలుగు పెంచి, నవ్వుకుంటూ గీసేది, ఇద్దరూ కలిసి ఏదో ఒక సాకు కూడా కల్పించేవాళ్ళేమో పైవాళ్ళకి, అంత సొంతం అతను. రాయి మందం గురించి కాదు ఆమె బాధ, రాయిదేముంది. ఊళ పెట్టిన రోజు సాయంత్రం ఆమె ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయి, నా తప్పే అయ్యుంటుంది, మూడో దశలో రెండు గీతలు మరీ దగ్గరగా పెట్టాను అంటే, అతను వంటింట్లోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చి, అదే అయ్యుంటుంది అన్నాడు. అదే అయ్యుంటుంది. రెండే రెండు మాటలు, ఎంత మెత్తగా అన్నాడు. ఆ తరవాత ఎనిమిది నెలల పాటు ప్రతి సాయంత్రం భోజనాల బల్ల మీద గీతల కాగితాలు పరుచుకుని ఆమె వెతుకుతుంటే అతను ఎదురుగా కూర్చుని నారింజ తొనలు వొలిచి ఆమె నోట్లో పెట్టేవాడు. ఇక్కడ చూశావా, అక్కడ చూశావా అని వేలు పెట్టి చూపించేవాడు. అదుగో, ఆ వేలు. ఏమీ తెలియనివాడు చూపిస్తే సాయం, తెలిసినవాడు చూపిస్తే దాన్నేమంటారు. నమ్మించి గొంతు కొయ్యడం అంటారు కదా, ఆ మాట ఇన్నాళ్ళూ ఎన్నిసార్లో విని, ఎవరెవరి గురించో తనూ అని ఉంటుంది, అందులో కొయ్యడం కన్నా నమ్మించడమే ఎక్కువ కాలం పడుతుందని ఇవాళే తెలిసింది.

పాపకి తొమ్మిదేళ్ళు. మొన్నామధ్య హోంవర్క్ పుస్తకం ముందేసుకుని కూర్చుని, అమ్మా, నువ్వు లెక్క తప్పావటగా, నాన్న చెప్పాడు అంది. ఎగతాళి కాదు, జాలి. తప్పితే ఏముందమ్మా, మా టీచర్ అయితే మళ్ళీ చెయ్యమంటుంది అంతే అని, తన రబ్బరు తెచ్చి ఆమె కాగితాల పక్కన పెట్టి వెళ్ళింది. ఆమె అప్పుడు నవ్వింది, అతనూ నవ్వాడు. అతను నవ్వగలిగాడు. పరాయివాళ్ళ దగ్గర దాచాడంటే భయం, పెళ్ళాం దగ్గర దాచాడంటే పిరికితనం, సరే, పిరికి మనిషితో కాపురం చెయ్యొచ్చు, చాలామంది చేస్తున్నారు. కన్నకూతురికి కూడా ఆ మాటే చెప్పాలా, అడిగిందా అది, ఏ అవసరం వచ్చి చెప్పాడు. చెప్పగా చెప్పగా అతనికే నిజమనిపించిందేమో. లేకపోతే ఇంట్లో ఇంకొకరు కూడా నమ్మితే బరువు కాస్త తగ్గుతుందనుకున్నాడేమో. ఇదిగో, మళ్ళీ అతని తరఫున తనే కారణాలు వెతుకుతోంది, ఎనిమిది నెలలు తప్పు వెతికింది చాలక. గడియారంలో నాలుగింటికి పదిహేను నిమిషాలు తక్కువ. లోపలి తలుపు తెరుచుకుంది.

అతను వచ్చి, ముసుగు లాగి, ఆమెని చూసి ముందు నవ్వాడు, అలవాటైన నవ్వే. కాగితం తెచ్చుకున్నావుగా, మర్చిపోలేదుగా అని అడిగాడు. మామూలుగా అడిగాడు, ఇంటి తాళం వేశావుగా అన్నట్టు. ఆమె జేబులోంచి పెట్టె తీసి బెంచీ మీద పెట్టి, చిప్‌లని అంచు మీద నిలబెట్టి చూశానంది. అంతకన్నా ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. అతను ఒక కాలికి తెల్ల బూటు ఉండగానే, రెండోది చేత్తో పట్టుకునే ఆమె పక్కన కూలబడ్డాడు.

"నూట యాభై దగ్గర చప్పుడు వినిపించింది. ఆపేశాను. మళ్ళీ చెయ్యి పెట్టడానికి ధైర్యం చాల్లేదు. అలాగే పనిచేస్తుందేమో అనుకున్నా."

"చెయ్యలేదుగా."

"ఆ రోజు చెబుదామనే ఇంటికొచ్చాను. నువ్వే ముందు అన్నావు, నా తప్పే అని. నేను అనలేదు."

అతనికి అది నిజంగానే ఒక వాదనలా కనబడుతోందని ఆమెకి అర్థమైంది. నేను నీ మీద తప్పు వెయ్యలేదు, నువ్వే ఎత్తుకున్నావు, నేను దించలేదంతే. ఇంకా ఏదో అంటున్నాడు, గొంతు తగ్గించి, ఇవాళ్టికి ఆ కాగితం ఇచ్చెయ్యమంటున్నాడు, గొడవ సద్దుమణిగాక తనే వెళ్ళి చెబుతానంటున్నాడు, పాప మీద ఒట్టు అన్నాడు. పాప పేరెత్తకు అంది ఆమె. అతను ఆగి, ఆమె వైపు తిరిగాడు. ఆమెకి బాగా తెలిసిన ఆ కళ్ళలో నీళ్ళున్నాయి, దొంగనీళ్ళు కావు.

"నీకేం, తెలివుంది, ఎక్కడ కూర్చోబెట్టినా బతుకుతావు. నాకు ఆ గది తప్ప ఏముంది చెప్పు?"

ఆమె లేచింది. నువ్వే పైకి వచ్చి చెప్పు, నీ పక్కనే నిలబడతాను, ఎవరేమన్నా ఇద్దరం కలిసి పడదాం అంది, ఆ మాట అనగలిగినందుకు తనకే ఆశ్చర్యం వేసింది. అతను తల అడ్డంగా కూడా ఊపలేదు, వంచుకున్నాడంతే. మెట్లెక్కుతుంటే వెనక అడుగుల చప్పుడు వినిపిస్తుందేమోనని మొదటి మలుపు దగ్గర ఒకసారి, రెండో మలుపు దగ్గర ఒకసారి నెమ్మదించింది. ఇచ్చేస్తే ఏమవుతుంది, కిటికీ పక్కన కుర్చీ, మంచి వెలుతురు, సాయంత్రాలు పాపతో కాస్త తీరిక. చెబితే ఏమవుతుంది, అతని గది పోతుంది, ఉద్యోగమే పోవచ్చు, ఇంటికెళ్ళి ఎదురెదురుగా ఎలా కూర్చోవాలి, పాపకి ఎవరు ఏమని చెప్పాలి. ఇచ్చేద్దాం అనిపించింది. ఊరికే ఎక్కడో తెలియడం లేదు, వెతుకుతున్నాం అని చెప్పి ఇంకో నెల గడువు అడుగుదామా అని కూడా అనిపించింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఫైలు రెండు చేతులతో గుండెలకి పట్టుకుని ఉంది, ఏం చెయ్యబోతోందో ఆమెకే తెలియదు.

లోపల అయిదుగురు. మధ్యలో పెద్దాయన, ఈ సంస్థలో మొదటి వేఫర్ తయారైననాటి మనిషి, లేచి నిలబడి మరీ కుర్చీ చూపించాడు. ఆమె మంచినీళ్ళు తాగేదాకా ఆగాడు. ఆయన ముఖం నిండా దయ, ఆ దయ ఎక్కడిదో ఆమెకి అర్థం కాలేదు, వచ్చిన దగ్గర్నుంచీ ఎవరూ ఆమె కళ్ళలోకి సూటిగా చూడ్డం లేదు, జబ్బు మనిషి దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నారు.

"కంగారు పడకమ్మా," అన్నాడు పెద్దాయన. "మీ ఆయన పొద్దున్నే వచ్చి అంతా చెప్పాడు. మా ఆవిడ లెక్కలో పొరపాటు జరిగింది, మనసులో పెట్టుకుని కుమిలిపోతోంది, లోపల ఒక్క మాట కూడా అనకండి సార్ అని చేతులు పట్టుకుని బతిమాలాడు. అలాంటివాడు దొరకడం నీ అదృష్టం."

పొద్దున్నే. అంటే ఇంట్లో ఆమె సంతకం పెడుతుంటే పక్కన నిలబడి చూసి, సిరా ఆరకముందే, చిప్‌లు ఇంకా పెట్టెలో పడుకుని ఉండగానే. కిందన బెంచీ మీద కూలబడ్డవాడు అప్పటికే ఇక్కడికి వచ్చి వెళ్ళాడు. కన్నీళ్ళు నిజమే, బతిమాలడమూ నిజమే అయ్యుంటుంది, ప్రేమ కూడా నిజమేనేమో, అదే ఆమె తట్టుకోలేకపోయింది. ఉత్తరం ఇటివ్వమన్నట్టు పెద్దాయన చెయ్యి చాచాడు. ఆమె ఫైలు తెరవలేదు. పొరపాటు డిజైన్‌లో లేదండీ అంది. వేఫర్ వంద మైక్రాన్లు ఉండాలి, నూట యాభై ఉంది, కావాలంటే ఇప్పుడే కొలిచి చూడండి అని, ఆరు చిప్‌ల పెట్టె బల్ల మీద పెట్టింది. చివర కూర్చున్నాయన ముందున్న కాగితాల్లోంచి వేఫర్ కార్డు తీసి చూసి, ఇందులో వంద అని ఉందే అన్నాడు, అని ఆ కింది సంతకం చదివి, కార్డు బల్ల మీద బోర్లా పెట్టాడు. మినిట్స్ రాసే అమ్మాయి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. అందరికీ తెలుసు, తెలిసినా ఎవరో ఒకరు అడగాలి, కాగితం మీదకి ఎక్కాలి కదా. పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, నేలచూపులు చూస్తూ అడిగాడు.

"పలచన చేసిందెవరమ్మా?"

"మా ఆయనండీ," అంది.